ఎతేరి ఎత్తిన బీరు గ్లాసు

"ఒరే గిగ్లా! నీళ్ళు పొయ్యరా! చచ్చావా బతికున్నావా?"

నేను అరుస్తున్నది భూమి లోపలి నుంచి. మా వైను కొట్టులో మెడ దాకా నేలలో పాతేసిన మట్టి బానలుంటాయి. మనిషి దిగితే నెత్తి కూడా కనపడనంత లోతు. ద్రాక్ష కోతలకు ముందు ఒక్కొక్క బానలోకీ దిగి, చెర్రీ బెరడు చీపురుతో గోడలు తోమాలి. దిగినవాడు పాట పాడుతూనే ఉండాలి. పాట ఆగిందంటే లోపల గాలి ఆడక పడిపోయాడని లెక్క, పైనున్నవాడు వెంటనే లాగేయాలి. పైన ఉండవలసినవాడు మా చిన్నాన్న కొడుకు గిగ్లా. సిగరెట్టుకని ఎటో జారుకున్నట్టున్నాడు.

"ఒరే గాడిదా! వినపడుతోందా? నీళ్ళు!"

బకెట్టు నీళ్ళు దబ్బున నా నెత్తి మీద పడ్డాయి. బావి నీళ్ళు. ఊపిరి ఆగినంత పనయింది.

"ఇంకో బకెట్టు పొయ్యమంటారా, గాడిద గారూ?"

ఆడగొంతు! తలెత్తి చూశాను. బాన మూతి గుండ్రంలో ఒక ముఖం, కిందికి వేలాడుతున్న ఒక జడ, ఒక ఫోను. క్లిక్‌మంది.

"ఏయ్! ఫోటో తీశారా?"

"తీశాను. బాగా వచ్చింది. స్థానికుడు, తన సహజ వాతావరణంలో."

"ఎవరండీ మీరు?"

"టూరిస్టుని," అంది, మంత్రినని చెప్పినంత దర్జాగా. "పాడటం ఆపకండి మరి. ఆపితే పడిపోయారనుకుని లాగేస్తాను. నాకసలే చెయ్యి బలం ఎక్కువ."

అదీ మా మొదటి పరిచయం. పైకి వచ్చి చూస్తే ఆమె వీపున తనంత సంచీ, కాళ్ళకు కొండ బూట్లు, బుగ్గల మీద ఎండ కాల్చిన ఎరుపు. కళ్ళు మాత్రం ఒక్కచోట నిలవవు. నా మీద ఒక క్షణం, చీపురు మీద ఒక క్షణం, గుమ్మం అవతల ఉత్తరాన కొండల మీద ఒక క్షణం. ఆ కొండల వైపు అన్నిసార్లు ఎందుకు చూస్తుందో అప్పుడు నాకు తెలియదు.

మా ఇంట్లో పై అంతస్తు గదులు అద్దెకిస్తాం. మా అమ్మ నానులి ఆమెను చూడగానే, "ఏ ఊరమ్మా? పేరేంటి?" అంది.

"ఎతేరి. ఖెవ్‌సురేతి."

"అయ్యో, అంత దూరం నుంచా! మా తాతమ్మ పేరూ ఎతేరే. ముందు కూర్చో, తిను. మాంసం కాలుతోంది."

"నేను వెజిటేరియన్‌ని."

అమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. ఖెవ్‌సురేతి అంటే కొండల మీద గొర్రెల మధ్య పుట్టి పెరిగేవాళ్ళ చోటు. అక్కడి మనిషి మాంసం తిననంటే చేప ఈత రాదన్నట్టే.

"చిన్నప్పటి నుంచీనా?" అన్నాను.

"ఇప్పటి నుంచే." నవ్వేసింది. "మాదీ గెస్ట్‌హౌసే లెండి. కొండ అవతల రాతి బురుజుల ఊరు. ఎండాకాలమంతా టూరిస్టులకి వండి పెట్టడమే నా పని. వచ్చిన ప్రతివాళ్ళూ వెజిటేరియన్‌నంటారు, టవల్ పలచగా ఉందంటారు, మర్నాడు వెళ్ళిపోతారు. జన్మలో ఒక్కసారైనా నేనూ టూరిస్టునై, ఎవరినైనా సతాయించాలని బయల్దేరా. ఆ మాంసం ఇటివ్వండి పిన్నీ. అన్నట్టు, మీ టవల్ పలచగా ఉంది."

అమ్మ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మర్నాడు వెళ్ళిపోతారు" అన్నచోటే నా చెవులు ఆగిపోయాయి. చూసి గంటయినా కాని మనిషి వెళ్ళిపోతే నాకెందుకు బెంగ? అడిగితే చెప్పలేను.

మర్నాడు ఆమె వెళ్ళలేదు. కోతలు మొదలయ్యాయి. "ఒక్క పూట చూసి వెళ్తా," అని కత్తెర తీసుకుని తోటలోకి దిగింది. సాయంత్రానికి మా గిగ్లా కంటే రెండు బుట్టలు ఎక్కువ నింపి, "రేపు వెళ్ళిపోతా," అంది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. రోజూ పొద్దున్నే వసారాలోకొచ్చి, కాఫీ కప్పు పట్టుకుని ఉత్తరం వైపు చూసేది.

"ఏముంది అక్కడ?" అన్నాను ఒక రోజు.

"మంచు పడిందేమోనని. ఒక్క పెద్ద మంచు పడితే మా కనుమ దారి మూసేస్తారు. మళ్ళీ వసంతం దాకా తెరవరు. అటున్నవాళ్ళు అటే, ఇటున్నవాళ్ళు ఇటే."

"ఇటే ఉండిపోతే?"

"తాత ఒక్కడే ఉన్నాడక్కడ. కట్టెలెవరు కొడతారు, నువ్వా? నువ్వు ఈ ఊరు దాటి ఎప్పుడైనా వెళ్ళావా, మల్ఖాజ్?"

"తెలావీ టౌనుకి వెళ్ళాను. రాజధానికి కూడా, తిబిలీసికి."

"తిబిలీసి ఎందుకు?"

"పన్ను నొప్పికి."

ఆమె నవ్వుతూ కూలబడింది. "పన్ను నొప్పొస్తే గానీ కదలని మనిషి! నీకు లోకం మొత్తం ఆ బాన మూతంతే కనపడుతుందా?"

మాట తేలిగ్గానే అంది గానీ నాకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. నిజమే మరి. మా అలజానీ లోయలో పుట్టినవాడికి ఇంకెక్కడికైనా వెళ్ళాలని ఎందుకనిపిస్తుంది? ఇన్నేళ్ళూ నాకూ అనిపించలేదు. ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కోతల మధ్యలో వాన దంచింది. అందరూ ఇళ్ళకు పరుగెత్తారు. మేమిద్దరం ట్రాక్టరు ట్రాలీ కింద దూరాం. బుట్టలు రెండు, మనుషులు ఇద్దరు, చోటు ఒకరికే. ఆమె జడలోంచి నీళ్ళు నా మోచేతి మీద కారుతున్నాయి. పక్కకు జరగమని ఇద్దరిలో ఒక్కరం అనలేదు.

"నీ సంచీలో ఉన్ని మేజోడు చుట్టిన సీసా ఒకటి ఉందట. అమ్మ ముట్టుకోబోతే గుడ్లురిమావట," అన్నాను. చాలా రోజుల నుంచి నన్ను తొలిచేస్తున్న సంగతి అది. "ఎవరిచ్చారేంటి?"

"ఒక మగాడు."

"ఓహో."

"అందగాడు."

"సరే, నాకెందుకు?"

"ఎనభై దాటాయి. పళ్ళు లేవు. గురక పెడతాడు." నా ముఖం చూసి కిలకిలా నవ్వింది. "మా తాత ఇమేదా. తిరిగినన్ని ఊళ్ళు తిరుగు, నీ మనసు కుదుటపడిన ఇల్లు దొరికితే అక్కడ విప్పు అన్నాడు."

"దొరికిందా?"

ఆమె వాన వైపు చూసింది. నా వైపు చూసింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గిగ్లా గొడుగేసుకొచ్చి, వంగి చూసి, "పెదనాన్న పిలుస్తున్నాడు, రొట్టెముక్కల్లా నానింది చాలు, రండి!" అన్నాడు. వాడి గొడుగు విరిచేయాలనిపించింది.

కోతలు ముగిశాయి. కొత్త రసం బానల్లో కుతకుతా పొంగుతోంది. ఈ పది పదిహేను రోజులూ రోజుకు నాలుగైదుసార్లు పొడుగు కర్రతో తొక్కల్ని లోపలికి నొక్కుతూనే ఉండాలి, లేదంటే వైను కాస్తా వెనిగరవుతుంది. ఆ పొంగు చూస్తుంటే నా ఛాతీలోది కూడా అదే అనిపించేది. కోతల విందు అవగానే ఆమె వెళ్ళిపోతుంది. ఈసారి నిజంగానే.

విందు పందిరి కింద, పట్టపగలు. మా నాన్న ఓతారి విందు పెద్ద. మా దగ్గర విందు పెద్ద లేచి, గ్లాసెత్తి ఏదో ఒక మంచిమాట చెప్పనిదే ఎవరూ తాగరు. నాన్న లేచాడంటే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా చెవులు రిక్కిస్తారు. భూమి పేరు మీద తాగారు, పోయినవాళ్ళ పేరు మీద తాగారు. తర్వాత నాన్న ఎతేరి వైపు తిరిగాడు.

"అతిథి దేవుడు పంపితేనే వస్తాడంటారు. ఈ పిల్లని పంపినందుకు దేవుడికి రుణపడ్డాను. నువ్వూ ఒక మాట చెప్పమ్మా."

ఎతేరి చెంపలు కందిపోయాయి. లోపలికి పరుగెత్తి ఉన్ని మేజోడుతో తిరిగొచ్చింది. సీసా మూత విప్పి గ్లాసులోకి వంచింది. నల్లగా, చిక్కగా, పైన నురగ.

"బీరు!" అన్నాడు గిగ్లా.

బల్ల చుట్టూ ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. మా లోయలో దాహమేస్తే బీరు తాగొచ్చు, కానీ గ్లాసెత్తి ఒకరి పేరు చెప్పకూడదు. వైను ఎత్తితే దీవెన. బీరు ఎత్తితే శాపం. వాడు నాశనమైపోవాలని కోరుకునేవాడి పేరు మీదే బీరు ఎత్తుతారు.

ఆమెకు అదేం తెలియదు. రెండు చేతులతో గ్లాసు పైకెత్తింది. "ఓతారి బాబాయ్, మీ పేరు మీద, మీ ఇంటి పేరు మీద..."

నాన్న ముఖం నల్లబడింది. పోయిన ఏడాది వడగళ్ళకు పంటంతా రాలిపోయింది. ఈ ఏడాది గుప్పిట్లో ప్రాణాలు పెట్టుకుని కోతలు ముగించిన మనిషి ఆయన. మాట పూర్తయితే ఏమవుతుందో అన్న భయంతో ఒక్క ఉదుటున లేచాను. ఆమె చేతిలో గ్లాసు లాక్కుని నేల మీద పారబోశాను.

"ఏం చేశావు నువ్వు?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీకు తెలియదు ఎతేరీ, మా దగ్గర బీరుతో..."

"మా దగ్గర ద్రాక్ష పండదు," అంది. "రాళ్ళ మీద కాస్త బార్లీ పండుతుంది. దాంతో తాత ఒళ్ళు శుద్ధి చేసుకుని, ఎవరినీ తాకకుండా ఒంటరిగా ఉండి, గుడి పండక్కి బీరు కాస్తాడు. దేవుడికి పోసేదీ అదే, పెళ్ళిలో దీవించేదీ అదే. ఇన్ని ఊళ్ళు మోశాను దీన్ని. ఒక్కచోటా విప్పలేదు."

నాన్న తల వంచుకున్నాడు. ఆమె ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తలుపు కొట్టాను. "ఎతేరీ, నన్ను తిట్టు. బకెట్టు నీళ్ళు పొయ్యి. ఏదో ఒకటి చెయ్యి."

"నేను టూరిస్టుని, మల్ఖాజ్," అంది లోపలి నుంచి. "టూరిస్టులు వెళ్ళిపోతారు."

పొద్దున్నే నేను కొట్టులో కర్రతో నొక్కుతుండగా సర్వీసు వ్యాను హారను వినపడింది. కర్ర చేతిలో ఉండగానే వీధిలోకి ఉరికాను. దుమ్ము మాత్రం మిగిలింది. ఉత్తరాన కొండల శిఖరాలు తెల్లగా ఉన్నాయి. మొదటి మంచు పడింది.

ఆ తర్వాత నేను మనిషిని కాను, కాలు కాలిన పిల్లిని. వసారాలోంచి కొట్టులోకి, కొట్టులోంచి వసారాలోకి. ఫోను చేస్తే సిగ్నల్ లేదు. వెళ్దామంటే బానలు వదల్లేను, నాన్నకు నడుము నొప్పి. ఊరంతటికీ సరిపడా మాట్లాడే మా నాన్న నోరు మూసుకున్నాడు. తినడం లేదు. పందిరి కింద బీరు ఒలికిన చోటు దాటాల్సి వస్తే పక్కగా తిరిగి వెళ్తున్నాడు.

మూడో రోజు పొద్దున కొట్టులోకి వచ్చి నా చేతిలో కర్ర లాక్కున్నాడు.

"నాన్నా, నీ నడుము..."

"నా నడుము సంగతి నాకొదిలెయ్. వ్యాను తాళాలు తీసుకో."

"ఎక్కడికి?"

"పన్ను నొప్పికి! ఎక్కడికంటావేంట్రా వెధవా! ఇన్నేళ్ళుగా విందుల్లో నిలబడి అతిథి దేవుడని గొంతు చించుకున్నాను. ఆ దేవుడే నా ఇంటికొచ్చి గ్లాసెత్తితే నేల పాలు చేశాం."

"పారబోసింది నేను కదా నాన్నా."

"నా ముఖం చూసి కదరా పారబోశావు!" ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ పిల్ల నా పేరు మీద ఏం చెప్పాలనుకుందో నేను వినలేదు. వెళ్ళు. దారి మూసేలోపు వెళ్ళు."

అమ్మ అప్పటికే వ్యాను దగ్గర నిలబడి ఉంది. ఒక కూజా పాత వైను, ఒక కొత్త టవల్. దుప్పటంత మందంగా ఉంది అది.

"ఒక్కడివే తిరిగొచ్చావో, తలుపు తియ్యను," అంది.

దారంతా ఆకాశం వైపే చూశాను. లోయ దాటాను, నది దాటాను, ఊళ్ళు పలచబడ్డాయి. కొండ మొదట్లో దారి కాపలావాడు వ్యాను ఆపాడు. పైన మంచు కురుస్తోంది.

"సాయంత్రం గేటు వేసేస్తున్నాం అన్నా. ఇప్పుడు పోతే మళ్ళీ వసంతంలోనే దిగేది. టైర్లేమో ఇలా ఉన్నాయి. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"నాకే," అన్నాను.

నా ముఖం ఎగాదిగా చూసి, గేటెత్తి, చక్రాలకు గొలుసులు కూడా తనే కట్టాడు. "ఏ ఇంటి పిల్ల?" అని మాత్రం అడిగాడు.

కనుమ మీద ఒక పక్క గోడలా కొండ, ఒక పక్క ఏమీ లేదు. లోకం బాన మూతంతే చూసినవాడికి అంత ఆకాశం ఒకేసారి చూస్తే కళ్ళు తిరుగుతాయి. బానలో దిగినవాడు పాడుతూనే ఉండాలి కదా. పాడుతూనే నడిపాను. ఒక్క మలుపులోనూ ఆపలేదు.

రాతి బురుజుల ఊరు చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. ఒక ఇంటి ముందు ఎతేరి కట్టెలు కొడుతోంది. వ్యాను చూసింది. నన్ను చూసింది. గొడ్డలి దించింది గానీ చేతిలోంచి వదల్లేదు.

"రూములు లేవు. సీజన్ అయిపోయింది."

"నేను వెజిటేరియన్‌ని."

"ఇక్కడ కుదరదు."

"టవల్ నేనే తెచ్చుకున్నాను." చూపించాను. "చాలా మందం."

ఆమె పెదవి మూల కదిలింది. వెంటనే బిగించేసింది. "ఎందుకొచ్చావు?"

దారి పొడుగునా అల్లుకున్న మాటలన్నీ ఆవిరైపోయాయి. "నిన్ను ప్రేమించాను కాబట్టి వచ్చాను," అన్నాను. "ట్రాలీ కిందే చెప్పేవాణ్ణి, గిగ్లా గొడుగేసుకొచ్చాడు. నువ్వు వెళ్ళిపోయినప్పటి నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. నా వల్ల కావడం లేదు ఎతేరీ."

ఆమె గొడ్డలి మొద్దులోకి దించి, తలుపు తీసి పట్టుకుంది.

పొయ్యి పక్కన ఇమేదా తాత కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా ఆయనకు ముందే తెలుసని ఆ చూపే చెప్పింది. లేచి, పీపాలోంచి నల్లటి బీరు బోలుగా తొలిచిన పొట్టేలు కొమ్ములోకి వంచి నా చేతిలో పెట్టాడు. గ్లాసైతే కింద పెట్టొచ్చు, మొనదేలిన కొమ్ము నిలబడదు. మాట చెప్పి తాగాలి, లేదా పారబొయ్యాలి.

"ఊఁ. పారబోస్తావా, చెప్తావా?" అన్నాడు.

కొమ్ములో నురగ వైపు చూసి కళ్ళు మూసుకున్నాను. పుట్టినప్పటి నుంచి విన్న మాట, చిన్నదేం కాదు. నేను ప్రేమించిన మనిషి పేరు, ఆమె ఇంటి పేరు, బీరు ఎత్తి చెప్పాలి. మా నాన్న ముఖం గుర్తొచ్చింది. రెండు చేతులతో కొమ్ము పైకెత్తాను, ఆ రోజు ఆమె ఎత్తినట్టే.

"ఈ ఇల్లు చల్లగా ఉండాలి. ఈ ఇంటి పెద్ద నూరేళ్ళు బతకాలి. ఈ ఇంటి పిల్ల ఎక్కడుంటే అక్కడ దీపం ఉండాలి. అది మా ఇల్లే కావాలని నా స్వార్థం."

ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను. తాత పొయ్యిలోకి మరో కట్టె తోశాడు.

"పొగరు లేదు. భయం ఉంది. భయపడుతూనే తాగాడు," అన్నాడు, నాతో కాదు, మనవరాలితో. "వసంతం దాకా కట్టెలు కొట్టనీ. చూద్దాం."

ఎతేరి ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. కనుమ మంచులో కనపడకుండా పోయింది. "దారి మూసేశారు," అంది. గొంతులో నవ్వో ఏడుపో తెలియలేదు. "ఇప్పుడెవరు టూరిస్టు?"

"నేనే."

"నేల మీద పడుకోవాలి. మంచం లేదు, నీళ్ళు వేడిగా రావు. ఫిర్యాదులేమైనా ఉంటే వసంతంలో రాసుకో."

ఆ చలికాలం సంగతి చెప్తే మరో కథవుతుంది. నాకు కట్టెలు కొట్టడం వచ్చింది, తాతకు నా పాట అలవాటయింది, మంచు కరిగేసరికి తాతా మనవరాలూ ఇద్దరూ పెళ్ళికి ఊఁ అన్నారు.

కనుమ తెరిచిన వారానికే ముగ్గురం లోయలోకి దిగాం. అమ్మ తలుపు తీసింది. నాన్న మట్టి తవ్వి బాన మూత తీశాడు. ఏ శాపమూ తగల్లేదు, వెనిగర్ కాలేదు. నడుము నొప్పితో ఆయన నొక్కిన వైను తేనె రంగులో మెరుస్తోంది. పందిరి కింద అదే బల్ల, అవే ముఖాలు. నాన్న లేచాడు. వైను కూజా పక్కకు జరిపి, "ఇమేదా అన్నా, తెచ్చావా?" అన్నాడు.

తాత సీసా ఇచ్చాడు. నల్లగా, చిక్కగా, పైన నురగ. గిగ్లా కంగారుగా సగం లేచాడు.

"కూర్చోరా!" అని గర్జించాడు నాన్న. "ఈ గ్లాసు పారబొయ్యడానికి ఎవడు లేచినా కాళ్ళు విరగ్గొడతా. మాకు తెలిసినదే లోకం అనుకున్నాం. తప్పు. నా కోడలి పేరు మీద, ఆమె పుట్టిన కొండ పేరు మీద, ఆ రోజు నేను వినని మాట పేరు మీద!"

అని గటగటా తాగేసి, ముఖం చేదుగా పెట్టి, "ఇంకొంచెం పొయ్యి," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఎతేరి మాత్రం ఏడుస్తోంది. ఏడుస్తూనే ఉత్తరాన కొండల వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరకు వంగింది.

"రేపు..." అంది.

ఆ మాట ఎలా ముగుస్తుందో నాకు కంఠతా వచ్చు.

"రేపు ఆ బాన తోమాలి కదా," అంది. "ఈసారి నేను దిగుతా. నువ్వు పైన కూర్చుని నా పాట వింటూ ఉండు."